విరగని విమానానికి విచారణ

విదేశాలకు వెళ్లి బొమ్మలు కొనుక్కొచ్చే పెద్దమనుషులు ఇప్పుడు చాలామంది తయారయ్యారని విన్నాను. చిన్న కార్లు, రైళ్లు, ముక్కలుగా పెట్టెలో వచ్చే విమానాలు, ఓడలు. జుట్టు నెరిసినవాళ్లు కూడా వాటిని సూట్‌కేసులో చొక్కాల మధ్య చుట్టి, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చుకుంటారట. కొందరైతే పెట్టె విప్పను కూడా విప్పరట, విప్పితే విలువ పోతుందట. వాళ్లు సొంత డబ్బుతో చేస్తున్న ఈ పనిని నేను డెబ్బైల చివర్లో సర్కారు ఖర్చుతో చేశాను. చేసినందుకు టి.ఎ., డి.ఎ. ఇచ్చారు. ఆ తర్వాత మెమో కూడా ఇచ్చారు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను. పనికిరాకపోయినా ఇబ్బంది లేదు, నా సర్వీసులో చాలా భాగం పనికిరానివాటి మీదే గడిచింది.

మాది ఢిల్లీ కరోల్ బాగ్‌లో, ఒక అద్దె భవనం పై అంతస్తులో ఉండే చిన్న సర్కారీ ఆఫీసు. దేశంలో తయారయ్యే బొమ్మల్ని మెరుగుపరిచి ఎగుమతి చేయించడం మా ధ్యేయం. బోర్డు మీద అలా రాసి ఉండేది కాబట్టి చెబుతున్నాను, లోపలికి వస్తే మాత్రం ఫైళ్లు తప్ప బొమ్మ అనేది కంటికి ఆనేది కాదు. నేను డిజైన్ విభాగంలో టెక్నికల్ అసిస్టెంటుని. చేరిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ఒక చెక్కగుర్రం డిజైను గీసి పైకి పంపాను. అది అన్ని టేబుళ్లూ తిరిగి, గుర్రానికి తోక తప్పనిసరా అన్న ప్రశ్నతో దిగివచ్చింది. తప్పనిసరేనని జవాబు రాసి మళ్లీ పంపాను. అంతే, ఆ గుర్రాన్ని మళ్లీ చూడలేదు. ఇక డిజైన్లు మానేసి శాంపిల్ రూము తాళాలు నడుముకు కట్టుకుని కూర్చున్నాను.

మా డైరెక్టరు గారు ఎరువుల శాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. బొమ్మల గురించి ఆయనకు ఎంత తెలుసో ఎరువుల గురించి మాకు అంత తెలుసు. అయినా మనిషి చెడ్డవాడు కాదు. ఎవరి మీదా కేకలు వేసేవారు కాదు, ఎవరి పనీ చేసిపెట్టేవారు కాదు. ఆయన తర్వాతి పెద్ద తలకాయ అకౌంట్స్ ఆఫీసరు గారు. కడప జిల్లా మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. ఏ కాగితం ముందుకు తెచ్చినా ఆయన నోట ఒకటే మాట వచ్చేది. "అది సరేప్పా, రేపు ఆడిట్టోళ్లు అడుగుతారు గదా?"

ఇక నా సంసారం. ఆర్.కె. పురంలో ఒక గది, వంటిల్లు, ముందు వరండా ఉన్న క్వార్టరు. గదిలో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు పడుకునేవారు. వరండాలో నేను, నాన్న. వరండాకు వెదురుతెర కట్టి, దాని మీద ప్లాస్టిక్ పట్టా దిగ్గొట్టాం. జనవరిలో ఢిల్లీ చలికి ఆ పట్టా ఏపాటి? నాన్నకు ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే ఆయన దగ్గుకు పక్క క్వార్టర్ల వాళ్లు కూడా లేచి కూర్చునేవారు. నాకు పదోన్నతి వస్తే రెండు గదుల క్వార్టరు వస్తుంది. నా వంతు దగ్గరకొచ్చింది కూడా. ఆ రెండో గదిలో నాన్న మంచం ఏ గోడకు వేయాలో, కిటికీ ఎటు ఉంటుందో మా ఆవిడ అప్పటికే తేల్చేసింది.

అలాంటి సమయంలో పశ్చిమ జర్మనీ ప్రయాణం తగిలింది. అక్కడ ఏటా బొమ్మల వ్యాపారులకు పెద్ద ప్రదర్శన జరుగుతుంది. వెళ్లి చూసి, కొత్తరకం బొమ్మలు శాంపిళ్లుగా కొనుక్కొస్తే, వాటిని చూసి మన వాళ్లు తయారు చేస్తారని ఆలోచన. ప్రదర్శనను చూడటానికి డైరెక్టరు గారు, డైరెక్టరు గారి ఖర్చును చూడటానికి అకౌంట్స్ ఆఫీసరు గారు, ఇద్దరి సామాను చూడటానికి నేను. పాలం విమానాశ్రయానికి ఆఫీసు మొత్తం బంతిపూల దండలతో దిగింది. దండ వేసిన ప్రతివాడూ మెడ దగ్గరకు వంగినప్పుడు చెవిలో ఒక కోరిక వదిలాడు. ఒకడికి క్యాసెట్లు, ఒకడికి సెంటు, ఒకడికి గడ్డం గీసుకునే బ్లేళ్లు. ఎవరూ బొమ్మ మాత్రం అడగలేదు. అంతా బొమ్మల శాఖ వాళ్లే మరి.

అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ ప్రదర్శనలో బొమ్మలు అమ్మరు. పెద్ద వ్యాపారులు వచ్చి ఓడల లెక్కన ఆర్డర్లు ఇచ్చుకుంటారు. మా డైరెక్టరు గారు ఒక ఎలుగుబంటిని చూపించి ఒకటి ఇమ్మంటే, అక్కడున్న అమ్మాయి కనీసం ఎన్ని వందలు కొనాలో చెప్పింది. మేం ముగ్గురం ఆ ఎలుగుబంటికి నమస్కారం పెట్టి బయటపడ్డాం. అంటే ఇక ఊరిమీద పడి, దుకాణం దుకాణం తిరిగి కొనుక్కోవాలన్నమాట. ఊరంతా మంచు. కరోల్ బాగ్‌లో కుట్టించిన ఓవర్‌కోట్లు ఆ చలి ముందు గాలికి రెపరెపలాడాయి.

మొదటి దుకాణంలో డైరెక్టరు గారు బేరం మొదలుపెట్టారు. ఒక రేకు మోటారుబోటు. కౌంటరు దగ్గర బూడిదరంగు కోటు వేసుకున్న ముసలాయన ధర చెప్పాడు. మా సారు అందులో సగం అన్నారు. ఆయన వినయంగా అదే ధర మళ్లీ చెప్పాడు. మా సారు నా వంక చూసి హిందీలో, "పద, బయటికి నడు. వాడే పిలుస్తాడు" అన్నారు. ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో తిరుగులేని మంత్రం అది. ముగ్గురం గబగబా బయటికి నడిచాం. ముసలాయన వచ్చి తలుపు తీసి పట్టుకుని, ఏదో మర్యాదగా వీడ్కోలు చెప్పి, చలి లోపలికి రాకుండా మళ్లీ మూసుకున్నాడు.

మేం మాత్రం వెళ్లలేదు. పిలుస్తాడని అద్దాల ముందు నిలబడ్డాం. టోపీల మీద మంచు పడుతోంది. లోపల ఆయన మమ్మల్ని చూస్తున్నాడు, మేం ఆయన్ని చూస్తున్నాం. ఒకసారి ఆయన చెయ్యి కూడా ఊపాడు. డైరెక్టరు గారు అది పిలుపే అనుకుని కదిలారు గాని, టాటా అని తేలింది. చివరికి నన్నే లోపలికి పంపారు. ఆయన చెప్పిన ధరకే బోటు కొని, చంకలో పెట్టుకుని తెచ్చాను. ఎంత తగ్గించాడని డైరెక్టరు గారు అడిగితే, మనం బయట నిలబడినందుకు జాలిపడ్డాడు సార్ అన్నాను.

ఇంకో సందులో పాత బొమ్మలు అమ్మే ఆవిడ ఉంది. ఆ దుకాణంలోంచి నాకు కాళ్లు కదల్లేదు. రేకు కార్లు, తాళంచెవి తిప్పితే నడిచే బొమ్మలు, రంగు పెచ్చులూడిన చిన్న ట్రాములు. ఎవరి తాతలో ఆడుకున్నవి. అందులో ఒక ఎర్ర కారు ఉంది, చిన్న లాంతర్లతో, తెరుచుకునే తలుపులతో. అది కొందామన్నాను. పాతబొమ్మలు పోగుచేసేవాళ్లు వాటి కోసం దేశదేశాలు తిరుగుతారని, పాతబడే కొద్దీ ధర పెరుగుతుందని ఆవిడ ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది. అకౌంట్స్ ఆఫీసరు గారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏందప్పా ఈయమ్మ చెప్పేది? మన ఆఫీసులో కుర్చీకి కూడా ఏటా ఇంత అని విలువ తగ్గిస్తాం గదా. యాభై ఏండ్ల తుప్పుకారుకు విలువ పెరుగుతాదా? ఈ లెక్కన నాకు జీతం ఎంత పెరగాల?"

"ఇది అపురూపమైన వస్తువు సార్."

"అపురూపమని యాడ రాయాలప్పా? దానికి కాలమ్ లేదు. సెకండ్‌హ్యాండ్ కొంటే మనల్ని తినేస్తారు. పద."

ఆ కారును అక్కడే వదిలేసి వచ్చాను. మొన్నెవరో చెబితే తెలిసింది, అలాంటి కారుకు ఇప్పుడు పలికే ధరకు ఢిల్లీ ద్వారకలో ఒక ఫ్లాటుకు అడ్వాన్సు కట్టవచ్చట. మా ఆఫీసుకు మాత్రం ఆడిట్ అభ్యంతరం రాలేదు, అది చాలు.

రైళ్ల అంతస్తు చూసేదాకా డైరెక్టరు గారు ఆఫీసరులాగే ఉన్నారు. పెద్ద దుకాణంలో నాలుగో అంతస్తు నిండా కొండలు, సొరంగాలు, వంతెనలు పెట్టి చిటికెడంత రైళ్లు నడుపుతున్నారు. చుట్టూ పిల్లలు. ఆయన ఓవర్‌కోటు మడిచి పిల్లల మధ్య గొంతుక్కూర్చున్నారు. సొరంగంలోకి వెళ్లిన రైలు అవతల బయటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టారు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. తమ ఇంట్లో బొమ్మలు కొనే అలవాటు లేదని, ఒకసారి మేళాలో రైలు కోసం ఏడిస్తే తండ్రి చెంప వాయించాడని నాతో మెల్లగా చెప్పారు. నాకు నిజంగానే జాలేసింది. ఆ రైలును శాంపిల్ కింద కొన్నాం. ఢిల్లీ చేరాక, క్షుణ్ణంగా అధ్యయనం చేయాలని రాసి, దాన్ని ఆయన ఇంటికే తీసుకెళ్లారు. ఆ అధ్యయనం ఆయన ఇంటి హాల్లో గుండ్రంగా తిరుగుతూ చాలాకాలం సాగింది.

చివరి రోజు నా వంతు. ఒక దుకాణంలో ముక్కలుగా వచ్చే విమానాల పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ప్లాస్టిక్ చట్రాలకు రెక్కలు, చక్రాలు, తోకలు, పైలట్టు తలకాయ అన్నీ విడివిడిగా అంటుకుని ఉంటాయి. కత్తిరించి, అతికించి, రంగు వేసుకోవాలి. పిల్లలే కాదు, పెద్దలు కూడా కూర్చుని కట్టుకుంటారట. నాకు ఇదే కావాలనిపించింది. మన దేశంలో ఇలాంటివి తయారు చేస్తే ఎంత బాగుంటుంది! రెండు వరసల రెక్కలున్న పాతకాలపు విమానం ఒకటి ఎంచాను. పెట్టె మీద అది మబ్బుల్లో ఎగురుతున్న బొమ్మ.

కొనడం దగ్గర పేచీ లేదు, రాయడం దగ్గర వచ్చింది. బిల్లు జర్మన్ భాషలో ఉంది. దాని వెనక ఇదేమిటో ఇంగ్లీషులో రాయాలి.

"కిట్ అని రాయండి సార్" అన్నాను.

"కిట్ అంటే మందుల డబ్బాప్పా. బొమ్మలకు పోయి మందులు ఎందుకు కొన్నారని అడుగుతారు."

"పోనీ, విమానం విడిభాగాలు అనండి."

"విమానం విడిభాగాలా?" ఆయన కళ్లద్దాలు తీసేశారు. "రక్షణశాఖ వాళ్లు వచ్చి కూర్చుంటారు మన నెత్తిన. వద్దప్పా." పెట్టె మీది బొమ్మను ఒకసారి చూసి, చక్కటి అక్షరాలతో బొమ్మ విమానం, ఒకటి అని రాసేశారు. జిగురు, రంగులు కూడా కొందామన్నాను. జిగురు వాడితే అయిపోయే సరుకని, అది శాంపిల్ కిందకి రాదని కొట్టేశారు. స్టాకు రిజిస్టరులో కూడా ఆ మాటే ఎక్కింది. బొమ్మ విమానం, ఒకటి.

ఢిల్లీలో ఆ పెట్టె శాంపిల్ రూము ఇనుప బీరువాలో పై అరలో కూర్చుంది. దాన్ని చూసి మన దగ్గర అలాంటివి చేయవచ్చని నేను రాసిన నోటు, చెక్కగుర్రం వెళ్లిన దారినే వెళ్లింది. అంతలో మంత్రిత్వ శాఖ నుంచి స్టాకు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. నిప్పులాంటి మనిషి. టీ తాగలేదు, బిస్కెట్టు ముట్టలేదు. మేం అప్పుడే భయపడి ఉండాల్సింది.

మోటారుబోటు చూశారు, టిక్కు పెట్టారు. రైలు ఎక్కడ అన్నారు. అధ్యయనంలో ఉందన్నాను. తల ఊపి దానికీ టిక్కు పెట్టారు. తర్వాత విమానం అన్నారు. పెట్టె తీసి ఇచ్చాను. మూత తెరిచారు. చాలాసేపు లోపలికి చూశారు. ఒక చట్రాన్ని రెండు వేళ్లతో పైకెత్తారు. దానికి వేలాడుతున్న చిన్న చక్రం ఊడి బల్ల మీద దొర్లింది.

"విమానం ఎక్కడ?" అన్నారు హిందీలో.

"అదే సార్."

"ఇది విమానమా?"

"అతికిస్తే విమానం అవుతుంది సార్. ఇలాగే అమ్ముతారు."

"ఇలాగే అమ్ముతారా?" ఆయన నన్ను దయగా చూశారు. "చూడు భాయ్, నేనూ పిల్లలున్నవాడినే. విరిగిన బొమ్మను డబ్బిచ్చి ఎవడు కొంటాడు? ఇక్కడ విమానం ఒకటి అని ఉంది. నాకు విమానం ఒకటి చూపించు. లేదంటే నాకు కనిపించింది నేను రాసుకుంటాను."

ఆయనకు కనిపించింది రాసుకున్నారు. విమానం, ఒకటి, పూర్తిగా విరిగిన స్థితిలో. వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. నా సంరక్షణలో ఉన్న విదేశీ విమానం ఎప్పుడు, ఎలా, ఎవరి చేతిలో విరిగిందో సంజాయిషీ ఇవ్వాలి. మెమో నడుస్తున్నవాడి పేరును పదోన్నతుల కమిటీ పక్కన పెట్టేస్తుంది. ఆ కమిటీ వచ్చే నెలలోనే కూర్చుంటోంది. నాన్న మంచం, కిటికీ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నుంచి ఊడిపోయాయి.

అకౌంట్స్ ఆఫీసరు గారి దగ్గరికి పరుగెత్తాను. ముక్కలుగానే కొన్నామని ఒక్క వాక్యం రాసిపెట్టమన్నాను.

ఆయన నిజంగా బాధపడ్డారు. "నువ్వు విరగ్గొట్టలేదని నాకు తెలీదా అప్పా? కానీ నేను విమానమని రాసింది తప్పని నా చేత్తోనే ఎట్ల రాసేది? ఇంకో రెండు నెలల్లో ఇంటికి పోయేవాణ్ణి. పెన్షన్ కాగితాలు ఆపేస్తారు. నీకింకా వయసుండాది."

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాను. విమానం కొన్నప్పుడు దుకాణంలో నా పక్కనే నిలబడి ఉన్న మనిషి ఆయన. విని, కిటికీలోంచి బయటికి చూశారు. "ముక్కలుగా కొన్నామని రాస్తే, ముక్కలు ఎందుకు కొన్నారని అడుగుతారు. ఆ తర్వాత ఇంకేం కొన్నారని అడుగుతారు. ఆ తర్వాత అవి ఎక్కడున్నాయని అడుగుతారు." రైలు పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. "అరె భాయ్, ముక్కలుంటే అతికించెయ్. ఆయన మళ్లీ వచ్చినప్పుడు విమానం చూపిస్తే గొడవేముంది? తీసుకెళ్లు ఇంటికి" అన్నారు. నోటిమాటే. నేను దాన్ని వరంలా పట్టుకుని వచ్చాను.

ఆదివారం క్వార్టర్ల ముందు పచ్చికలో చాప పరిచి కూర్చున్నాం. ఢిల్లీలో చలికాలం ఎండకు ఇళ్లన్నీ బయటికి వచ్చేస్తాయి. స్వెటర్లు అల్లే ఆంటీలు, నారింజలు ఒలిచే అంకుళ్లు, అందరూ మా చుట్టూ చేరారు. సదర్ బజారు అంతా గాలించి తెచ్చిన జిగురు, మా ఆవిడ గోళ్ల కత్తెర, ఒక సూది. పద్ధతి చెప్పే పుస్తకం జర్మన్ భాషలో ఉంది గాని బొమ్మలున్నాయి. కింది రెక్క అతికించేసరికి చెమటలు పట్టాయి.

"ఇన్నేళ్ల నుంచి బొమ్మల ఆఫీసులో ఏం చేస్తున్నారండీ?" అంది మా ఆవిడ, రెక్క పట్టుకుని.

"ఫైళ్లు."

"అదే, చేతులు చూస్తే తెలుస్తోంది. ఇటివ్వండి, ఆ రెక్క వంకర పోతోంది."

రెండు రెక్కల మధ్య పుల్లలు నిలబెట్టడానికి పిల్లలతో కలిపి నలుగురం ఊపిరి బిగబట్టాం. అల్లికలు ఆగిపోయాయి. పక్క క్వార్టరు ఆంటీ, "బేటా, పైలట్టుకు చలేస్తుంది, వాడికి మఫ్లర్ అల్లనా?" అని నవ్వించింది. నాన్న శాలువా కప్పుకుని మడతకుర్చీలో కూర్చుని, తోక ఎటు వంగిందో అక్కడి నుంచే చెబుతూ ఉన్నారు. ఎండ వాలేవేళకు విమానం తన చక్రాల మీద తాను నిలబడింది. మా ఆవిడ వేలితో ముందు పంకాను తాకితే గిర్రున తిరిగింది. చప్పట్లు కొట్టారు. అంత సంతోషం నాకు ఆ ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు. బొమ్మల శాఖలో చేరిన ఇన్నేళ్లకు ఒక బొమ్మ నా చేతుల మీదుగా తయారైంది. నాన్న దగ్గు ఆపుకుని, "ఇంక నీకు ఢోకా లేదురా" అన్నారు. నేను కూడా అలాగే అనుకున్నాను.

విచారణ రోజు వచ్చింది. విరిగిందని కనిపెట్టిన ఆయన్నే విచారణ అధికారిగా వేశారు. కొత్తవాడైతే మళ్లీ మొదటి నుంచి కనిపెట్టాలి గదా. డైరెక్టరు గారి గదిలో బల్ల మీద విమానాన్ని దించాను. గదిలో ఉన్నవాళ్లందరూ కుర్చీల్లోంచి ముందుకు వంగారు. విచారణ అధికారి కూడా పంకా తిప్పి చూశారు, ఒక్క క్షణం ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

"బాగుంది. ఎవరు అతికించారు?"

"నేనే సార్."

"అంటే అంతకుముందు అతుకు లేదు."

"లేదు సార్. కొన్నప్పుడే ముక్కలు. ఇదిగో, ఎలా అతికించాలో కంపెనీ వాళ్లు ఇచ్చిన పుస్తకం." పుస్తకం ముందు పెట్టాను. నా దగ్గరున్న బ్రహ్మాస్త్రం అదే.

ఆయన ఒక్కో పేజీ శ్రద్ధగా తిప్పారు. "ఇది రిపేరు పుస్తకం. విరుగుతుందని కంపెనీ వాళ్లకే తెలుసు, అందుకే ముందే ఇచ్చారు. అలాంటి వస్తువును నువ్వు ఇంకెంత జాగ్రత్తగా చూసుకోవాలి?"

"సార్, నేను విరగ్గొట్టలేదు."

"భాయ్, కొన్న రోజు విమానం ఒకటి. ఈరోజు విమానం ఒకటి. మధ్యలో నా కళ్లతో ముక్కలు చూశాను. విరగ్గొట్టనివాడు సొంత ఖర్చుతో, సెలవురోజున, జిగురు కొని తెచ్చి ఎందుకు అతికిస్తాడు?"

డైరెక్టరు గారు చెప్పారు సార్ అనబోయి ఆయన వంక చూశాను. ఆయన విమానం వంక చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు, జర్మనీలో నాలుగో అంతస్తులో చూశాను. నోటిమాటకు సాక్ష్యం లేదు. విచారణ అధికారి ప్రశ్నకు జవాబు కోసం ఇన్నేళ్లు ఆలోచించాను, ఇప్పటికీ దొరకలేదు. కాబట్టి ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఎప్పుడైనా ముక్కలు కనబడితే ముట్టుకోకుండా సెలవు పెట్టండి.

మరమ్మతు చేయడం వల్ల నేరం రుజువైందని నివేదిక వచ్చింది. అయినా ఒక ఆశ మిగిలింది. నివేదికను ఒప్పుకోవాలా, కొట్టేయాలా అన్నది డైరెక్టరు గారి చేతిలో ఉంది. ఫైలు తేలేదాకా భద్రత కోసమని విమానం ఆయన గదిలోనే, అద్దాల అరలో ఉండిపోయింది. రోజూ భోజనమయ్యాక తలుపు దగ్గరగా వేసి దాన్ని బయటికి తీసేవారు. ఒకరోజు సంతకం కోసం లోపలికి వెళ్తే, విమానం ఆయన చేతిలో బల్ల మీది ఫైళ్ల కట్టల చుట్టూ ఎగురుతోంది. నన్ను చూసి, కిటికీ వెలుగులో తనిఖీ చేస్తున్నట్టు పైకెత్తి పట్టుకున్నారు. నేను కూడా కిటికీ వంకే చూశాను.

అంతలో ఆయనకు బదిలీ అయింది. ఈసారి మత్స్యశాఖకు. కమిటీ కూర్చోవడానికి ఇక కొద్దిరోజులే ఉంది. వెళ్లేరోజు ఉదయం నేనే వెళ్లి అడిగాను. జీవితంలో ఎవరినీ అలా అడగలేదు. నాన్న సంగతి చెప్పాను, వరండా సంగతి చెప్పాను. కొన్నప్పుడు మీరు నా పక్కనే ఉన్నారు సార్ అన్నాను.

ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆఫీసులో ఎప్పుడూ కూర్చోమనలేదు. "నాకు తెలుసు" అన్నారు. "కానీ ఒకటి ఆలోచించు. విరగలేదని రాస్తే అది మంచి శాంపిల్. మంచి శాంపిల్ బీరువాలోకి పోవాలి. విరిగిందని రాస్తే పనికిరాని సామాను కింద లెక్కల్లోంచి కొట్టేయవచ్చు. కొట్టేసిన సామానును బదిలీ అయ్యే ఆఫీసరుకు స్టాఫ్ తరఫున జ్ఞాపికగా ఇవ్వవచ్చు. అకౌంట్స్ వాళ్లు రూలు చూసి పెట్టారు." సిగ్గుపడుతూ అన్నారు. "విరగకపోతే నేను ఇంటికెలా తీసుకెళ్లను? నువ్వే చెప్పు."

అడుగుతున్నది నన్నే. ఆయన కలం తీసి సంతకం చేశారు. విమానం విరిగింది, సంరక్షకుడికి హెచ్చరిక, వస్తువు కొట్టివేత. చేశాక నా భుజం తట్టి, "నువ్వు ఇంకా చిన్నవాడివి, అవకాశాలు వస్తాయి" అన్నారు. నాకంటే చిన్నవాడికి ఆ నెలలో వచ్చింది అవకాశం. రెండు గదుల క్వార్టరులో అతను పాలు పొంగిస్తే మేం వెళ్లి భోంచేసి వచ్చాం. నాన్న ఇంకో మూడు చలికాలాలు వరండాలోనే దగ్గారు. మా ఆవిడ గది సంగతి మళ్లీ ఎత్తలేదు, ఎత్తి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం వీడ్కోలు సభ జరిగింది. సమోసాలు, బంతిపూల దండలు, బొమ్మల రంగానికి డైరెక్టరు గారు చేసిన సేవ గురించి ప్రసంగాలు. స్టాఫ్ అందరి తరఫున జ్ఞాపిక అందించమని నన్నే పిలిచారు, శాంపిల్ రూము తాళాలు నా దగ్గరే ఉంటాయి గదా. చప్పట్ల మధ్య అందించాను. ఆయన చేతుల నిండా దండలు ఉండడంతో, కారు దాకా నువ్వే తీసుకురా అన్నారు.

మెట్లు దిగాను. రెండు అరచేతుల మీద విమానం. కింద అంబాసిడర్ కారు తలుపు తెరిచి ఉంది. ఆయన వెనక సీట్లో కూర్చుని చేతులు చాచారు. కళ్లు చూస్తే మేళాలో నిలబడ్డ పిల్లాడే. నేను వంగి లోపలికి పెట్టబోతుంటే పైరెక్క తలుపుకు తగిలేంత దగ్గరగా వచ్చింది.

"అరె, ధ్యాన్ సే భాయ్!" అని అరిచారు ఆయన. "విరగ్గొట్టేవు!"

నేను ఆగిపోయాను. వెనక ఆఫీసు మొత్తం నిలబడి చూస్తోంది. నేను చెయ్యాల్సిన పని ఏమీ లేదు, చేతులు కాస్త వదిలితే చాలు. రికార్డులో ఎలాగూ అది విరిగిపోయే ఉంది, మెమో కూడా ముందే ఇచ్చేశారు. వదలాలనే అనుకున్నాను. అనుకుంటూనే మోచేతులు లోపలికి ముడిచి, రెక్కను కొంచెం వాల్చి, ఏ పుల్లా కదలకుండా తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను. ఏం చేయమంటారు, అది నేను కట్టిన విమానం.